మసకబారిన మూడు రాత్రులు

ప్రొఫెసర్ సత్యమూర్తి ప్రసంగం మొదలయ్యేసరికి దంతెవాడ కాలేజీ హాల్లో నిలబడటానికి కూడా చోటు లేదు. కల్యాణి మూడో వరసలో కూర్చుంది. పక్కన లక్మే. ఇద్దరూ కిరందుల్ స్కూల్లో టీచర్లు. కల్యాణిది ఫిజిక్స్, లక్మేది హిందీ.

"ప్రశ్నలు అడగమన్నప్పుడు లేస్తవు గదా?" అంది లక్మే. గోదావరి ఒడ్డు తర్లగూడ మనిషి. ఏదీ కడుపులో దాచుకోదు.

"చూద్దాం."

"చూద్దామేంది? నీ నోట్‌బుక్కులు సంచిల తెచ్చిన. నువ్వు లేవకుంటే నేనే లేస్త."

కల్యాణి వేదిక మీది మనిషినే చూస్తోంది.

ఆమె తండ్రి చక్రధరరావు కిరందుల్ ఇనుప గనిలో డ్రిల్లు ఆపరేటరుగా చేసేవాడు. డ్యూటీ దిగి వచ్చాక పది నెలలపాటు అద్దం అరగదీసి, కూతురికి టెలిస్కోపు చేసిచ్చాడు. దాన్ని క్వార్టరు డాబా మీద పెట్టి, ఆమె ఒకే ఒక్క నక్షత్రం వెలుగును పదకొండేళ్లు కొలిచింది. అది ఉన్నట్టుండి కొంచెం మసకబారేది. కొన్నాళ్లకు మళ్లీ మామూలయ్యేది. ఎందుకో ఎవరికీ తెలియదు. అసలు మసకబారుతోందని కనిపెట్టిందే ఆమె. అంకెలన్నీ హైదరాబాదులో ఉన్న సత్యమూర్తికి పంపి సలహా అడిగింది. ఏడాది తిరక్కుండా అవి ఆయన పేరుతో ఒక పెద్ద పత్రికలో అచ్చయ్యాయి.

అప్పటికి చక్రధరరావు మంచం పట్టాడు. ఆ పత్రిక తెప్పించుకుని, భూతద్దం పెట్టుకుని చివరి పేజీదాకా వెతికాడు. ఆయనకు ఇంగ్లీషు అంతంతమాత్రం.

"నీ పేరు ఏ లైనులో ఉందమ్మా?"

ఆమె ఏదో ఒక లైను మీద వేలు పెట్టింది. ఆయన ఆ లైనును చేత్తో నిమిరాడు. తొమ్మిదో రోజున పోయాడు.

దినకర్మలు అయ్యాక ఆమె సత్యమూర్తికి ఫోన్ చేసింది. ఆయన నవ్వాడు.

"కిరందుల్‌లో డాబా మీద నుంచి చూశానంటే ఎవరు నమ్ముతారమ్మా? నా పేరుంది కాబట్టే నలుగురూ చదివారు."

ఆమె ఫోన్ పెట్టేసింది. ఆ నవ్వు మాత్రం చెవిలోంచి పోలేదు.

మూడేళ్ల తర్వాత, నిరుడు నవంబరులో, ఆయనే ఫోన్ చేశాడు. కొత్త అంకెలు ఏమైనా ఉన్నాయా అన్నాడు. ఆమె రెండు రాత్రులు కూర్చుని రాసి పంపింది. అది తెలిసి లక్మే వారం రోజులు ఆమెతో మాట్లాడలేదు. అంకెలు పంపిన రోజు కల్యాణికి కూడా అన్నం సయించలేదు.

వేదిక మీద సత్యమూర్తి గొంతు పెంచాడు.

"తోకచుక్కల గుంపు అడ్డొచ్చిందని కొందరు. దుమ్ము మేఘమని కొందరు. అక్కడెవరో మనకన్నా తెలివైనవాళ్లు నక్షత్రం చుట్టూ గోడ కడుతున్నారని ఇంకొందరు."

హాలంతా నవ్వింది.

"ఇవేవీ కావు. ఒక గ్రహం పగిలిపోయింది. దాని ముక్కలు నక్షత్రం ముందు నుంచి పోతున్నాయి. రుజువేమిటంటారా? నిరుడు అక్టోబరు తొమ్మిది, పది, పదకొండు. ఆ మూడు రాత్రులూ దాని వెలుగులో ఐదో వంతు మాయమైంది. అంత లోతుగా ఎప్పుడూ తగ్గలేదు. ఆ రోజుల్లో ప్రపంచంలో ఇంకెవరూ దానివైపు చూడలేదు. నేను చూశాను."

చప్పట్లు మోగాయి. లక్మే లేవబోయింది. కల్యాణి ఆమె మణికట్టు పట్టుకుని కూర్చోబెట్టింది. వేళ్ల అచ్చులు పడేంత గట్టిగా పట్టుకుంది.

ప్రసంగం అయ్యాక సత్యమూర్తి కల్యాణిని పక్క గదిలోకి పిలిపించాడు. టీ ఇప్పించాడు.

"చిన్న పని పడిందమ్మా. కొత్త వ్యాసం వేసేముందు పత్రికవాళ్లు హామీపత్రం అడుగుతున్నారు. ఎవరు చూశారు, ఎక్కడి నుంచి చూశారు అని. అంకెల్లో చోటు కూడా నమోదై ఉంది కదా, అందుకని కిరందుల్ అనే రాశాను."

ఫోన్ ఆమె ముందు పెట్టాడు. ఆ మూడు రాత్రులూ తాను స్వయంగా కిరందుల్‌లో ఉండి, నక్షత్రాన్ని కళ్లారా చూసి కొలిచానని ఉంది. కింద సంతకం ఉంది. ఆమె రెండుసార్లు చదివింది.

"రేపు ఎవరైనా నిన్ను అడిగితే?" అన్నాడు సత్యమూర్తి.

"ఆ మూడు రాత్రులూ నేనేమీ చూడలేదని చెప్తాను సార్."

ఆయన ముఖం విప్పారింది. "తెలివైనదానివి. చివర కృతజ్ఞతల్లో నీ పేరు వెయ్యనా?"

"వద్దు సార్. ఎక్కడా వద్దు."

ఆయన ఫోన్ మీద వేలితో నొక్కాడు. "పత్రికకి వెళ్లిపోయింది," అన్నాడు. ఆమె టీ పూర్తిగా తాగి, నమస్కారం పెట్టి బయటికి వచ్చింది.

బస్టాండులో లక్మే ఆమె ముఖం చూడకుండా నిలబడింది. కిరందుల్ బస్సు వచ్చి, ఇద్దరూ ఎక్కి కూర్చున్నాక అంది.

"నీ నాయిన కోసమన్న ఒక్క మాట అనలేకపోయినవు. ఇంత పిరికిదానివని నాకు తెల్వదు."

"నువ్వు పోయినేడు దసరా సెలవులకి ఊరెళ్లావు కదా లక్మే," అంది కల్యాణి. "అందుకే నీకు తెలీదు."

"ఏంది తెల్వనిది?"

కల్యాణి పత్రిక సంపాదకుడికి ముందే రాసిపెట్టుకున్న ఉత్తరం పంపి, ఫోన్ ఆమె చేతికిచ్చింది.

అందులో ఉన్నది ఒక్కటే వాక్యం: "సత్యమూర్తిగారు కొలిచానన్న ఆ మూడు రాత్రులూ కిరందుల్‌లో వాయుగుండం వాన ఒక్క నిమిషం తెరిపివ్వలేదని, ఒక్క నక్షత్రం కూడా కనపడలేదని వాతావరణ శాఖ రికార్డుల్లో మీరే చూసుకోవచ్చు."