చీఫ్ గారి పరీక్ష

“చూశావుగా? గాలి తోసింది,” అన్నాడు చీఫ్.

గాలి కాదు, బూటు. చెట్టు మొదట్లో ఇరుక్కున్న గోల్ఫ్ బంతిని కుడికాలితో సుతారంగా గడ్డి మీదికి నెట్టాడు. ఎదురుగా నిలబడి అంతా చూసిన కళ్లజోళ్ల షాపు కుర్రాడు, “ఔనండీ, గాలి ఎక్కువగానే ఉంది,” అన్నాడు. చెట్టు మీద ఒక్క ఆకు కదిలితే ఒట్టు.

చీఫ్ అన్నది ఆయన పేరేం కాదు. చీఫ్ ఇంజనీరుగా రిటైరై రెండేళ్లు దాటినా అందరూ ఇంకా అలాగే పిలవాలని ఆయన పంతం. పిలవకపోతే పలకడు. కుర్రాడికి బజార్లో కళ్లజోళ్ల షాపుంది. కళ్లు పరీక్ష చేసి నంబరు రాసిస్తాడు. ఈ శని, ఆదివారాలు ఇద్దరూ కలిసి గడిపి, ఆదివారం సాయంత్రానికి పెళ్లి సంగతి అటో ఇటో తేల్చేయాలని ముందే అనుకున్నారు.

“నా పద్ధతి ఒకటేనోయ్,” అన్నాడు చీఫ్. “మనిషి సంగతి తెలియాలంటే వాడితో ఆడాలి, తినాలి, తాగాలి. రెండ్రోజుల్లో లోపలున్నదంతా బయటికొచ్చేస్తుంది.”

“నిజమేనండీ,” అన్నాడు కుర్రాడు, భుజాన ఉన్న చీఫ్ గారి కర్రల సంచీ ఈ పక్క నుంచి ఆ పక్కకి మార్చుకుంటూ. మోస్తావా అని ఆయన అడగలేదు. చేతికిచ్చేశాడంతే.

చీఫ్ కర్ర ఝాడించాడు. బంతి వెళ్లి ఇసుకలో పడింది. కర్ర మంచిది కాదన్నాడు. ఇంకోసారి కొడితే నీళ్లలో పడింది. కంట్లో ఎండ పడిందన్నాడు. ఆడలేక మద్దెల ఓడన్నాడట ఎవడో! కొత్తగా రంగేసిన జుట్టు చెమటకి తడిసి, చెవి పక్కన నల్లటి చార దిగుతోంది. ఆ సంగతి ఆయనకి చెప్పే ధైర్యం ఎవరికుంది?

చివరికి ఎలాగో బంతి గుంటలో పడింది. “నాలుగు దెబ్బల్లో కొట్టేశా,” అన్నాడు.

“ఏడనుకున్నానండీ...”

“ఊరందరికీ కళ్లజోళ్లు అమ్ముతావు. ముందు నువ్వొకటి పెట్టుకో!” అని తన జోకుకి తనే పగలబడి నవ్వాడు.

మధ్యాహ్నం పెద్ద హోటల్లో భోజనం. కుర్రాడు మెనూ తెరిచేలోపే చీఫ్ ఇద్దరికీ కలిపి చెప్పేశాడు. ఖరీదైనవన్నీ చెప్పాడు, సగం కెలికి వదిలేశాడు. బిల్లు వచ్చే వేళకి మాత్రం ఆయనకి చేతులు కడుక్కునే పని పడింది. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టుంది ఆయన దర్జా.

అంతకుముందే, తింటూ తింటూ అసలు విషయానికొచ్చాడు. “పెళ్లయ్యాక ఆ కేకుల షాపు మూసెయ్యాలి. ముందే చెప్తున్నా.”

కుర్రాడి చేతిలో చెంచా ఆగిపోయింది. “తనకి ఆ షాపంటే ప్రాణమండీ. ఎవరి సాయం లేకుండా ఒక్కతే నిలబెట్టుకుంది.”

“ఆడవాళ్లకి ప్రాణాలు సవాలక్ష వాటి మీద ఉంటాయిలే. తను మెత్తని మనిషి. నేనొక మాటంటే రెండో మాట ఉండదు. పోయిన మా ఆవిణ్ణి చూడు, ముప్ఫై ఏళ్లలో ఒక్కసారి నా ముందు గొంతెత్తలేదు.”

“పాపం,” అన్నాడు కుర్రాడు.

“పాపమేంటి? మహారాణిలా బతికింది! ఇంకోటి. పెళ్లయింది కదాని ప్రతిదానికీ నా మీద పడిపోకు. నాకు గిట్టదు.”

“అలాగేనండీ.”

కుదరబోయే సంబంధం నోటిదురుసు వల్ల చెడకూడదని కాబోలు, కుర్రాడు బిల్లు తెమ్మని సైగ చేశాడు.

ఆదివారం కూడా ఆట అదే తీరు. గాలి లేకపోయినా బంతి జరిగింది. ఆట అయ్యాక క్లబ్బు వరండాలో బీరుకి కూర్చున్నారు. బీరు తెచ్చినావిడకి కుర్రాడి తల్లి వయసుంటుంది. చీఫ్ సీసా ముట్టుకుని, “ఇది చల్లదనమా? పట్టుకుపో!” అని కసిరాడు. ఆవిడ లోపలికెళ్లి కాసేపాగి అదే సీసా తెచ్చింది. చీఫ్ ఒక గుక్క తాగి, “ఇదీ బీరంటే!” అన్నాడు.

ఆవిడ రెండో గ్లాసు నింపుతుంటే జారి కింద పడి పగిలింది. నురగ ఆయన బూటు మీద చిందింది.

“కళ్లు నెత్తికెక్కాయా? తుడువ్!” అంటూ చీఫ్ కాలు ముందుకి చాపాడు.

ఆవిడ వంగబోయింది. కుర్రాడు గబుక్కున లేచి ఆవిడ చేతిలో గుడ్డ తీసుకున్నాడు. “మీరు లేవండమ్మా,” అని, కింద కూర్చుని గాజుపెంకులు ఏరాడు. బూటు మాత్రం తుడవలేదు.

“కూర్చోవోయ్! దానికి జీతం ఇవ్వట్లేదా?” అన్నాడు చీఫ్.

కుర్రాడు కూర్చున్నాడు గానీ ఆ తర్వాత బీరు ముట్టలేదు.

సాయంత్రం కార్ల దగ్గర చీఫ్ కుర్రాడి వీపు చరిచాడు. “నీలో పస లేదు కానీ అణకువుంది. నాకది చాలు. పాసయ్యావ్ పో! వచ్చే నెల్లోనే పెళ్లి.”

“ఇంట్లో చెప్తానండీ.”

“నేను ఒప్పుకున్నాక ఇంకా చెప్పేదేముందోయ్!”

కుర్రాడు తన కారెక్కి తలుపేసుకున్నాడు. అప్పటికే ఫోను మోగుతోంది.

“ఏమన్నారు? సరేనన్నారా?” అంది అవతలి గొంతు. ఆ గొంతులో ఎంత ఆశో! అంత ఆశ అందులో విని ఎన్నాళ్లయిందో అతనికే గుర్తులేదు. ఇప్పుడు దాన్ని తన నోటితోనే తుంచెయ్యాలి.

“ఆయన సరేనన్నారు.”

“హమ్మయ్య!”

అద్దంలోంచి చూస్తే, చీఫ్ వాచ్‌మన్ మీద వేలు ఊపుతూ ఎగిరెగిరి పడుతున్నాడు.

“అమ్మా, ఈ పెళ్లికొడుకు నీకొద్దు.”