తెల్లమట్టి చార

అడవి వాగుకు అడ్డంగా మంగ అనే నీటికుక్క మట్టికట్ట కడుతోంది. వేసవిలోనూ చేపలు నిలవాలని దాని ఆశ. కట్టకు దిగువనే, బొరియలో దాని నాలుగు పిల్లలున్నాయి.

సగం పని అయ్యాక పందికొక్కు గవరయ్య తాత వచ్చాడు.

"వరద ఎంత ఎత్తు వస్తుందో చూసుకున్నావు, బాగుంది. కింద నేలను చూశావా తల్లీ?" అని తన సొరంగంలోకి తీసుకెళ్లాడు. గోడలో తెల్లమట్టి చార తిన్నగా వచ్చి, సరిగ్గా కట్ట కింద తెగి, జానెడు కిందికి జారి ఉంది.

"ఇక్కడ నేల ఒకప్పుడు కదిలింది. మళ్లీ కదులుతుంది."

"ఎప్పుడు తాతా?"

"ఎప్పుడో తెలియదు. ఎక్కడో తెలుసు."

మంగ బయటికి వచ్చి, కట్ట దిగువన పిల్లలున్న బొరియ వైపు చూసింది. తర్వాత వెళ్లి తన కట్టను తానే తవ్వి తీసేసింది. కట్టడంకన్నా అదే కష్టమైంది. చార తెగని చోట, ఎగువన, మళ్లీ మొదటి ముద్ద పెట్టింది.

మూడు వేసవులు గడిచాయి. నేల కదలలేదు.

"అంత మట్టి రెండుసార్లు మోశావే పిచ్చిదానా, ఏదీ నీ భూకంపం?" అని కొంగ మామ పకపకా నవ్వాడు.

కొత్త కట్ట దిగువన ఈ ఏటి పిల్లలు ఒకదాని మీద ఒకటి పడి నిద్రపోతున్నాయి.

"కాస్త మెల్లగా నవ్వు మామా, పిల్లలు లేస్తారు" అంది మంగ.