రెండో గేరులో కుదుపు

కారు మళ్ళీ వచ్చింది.

గుడియాత్తంలో తన షెడ్డులో పని చేసుకుంటున్న దినకర్ తల ఎత్తకుండానే గుర్తుపట్టాడు. రెండో గేరుకు మారేటప్పుడు ఆ బండి వెనక నుంచి ఎవరో తన్నినట్టు ఎగిరిపడుతుంది. మలుపు తిరగగానే ఇప్పుడూ అలాగే ఎగిరిపడింది.

వ్యాను బాగుచేయించుకుందామని వచ్చిన బీడీల వ్యాపారి పూర్ణచంద్ర నవ్వాడు.

"ఏమప్పా దినకరా! మీ మామ బండే ఇట్ల ఎగరతా ఉంటే నా వ్యాను గతి ఏంది?"

దినకర్‌కు తల కొట్టేసినట్టయింది.

ధర్మలింగం కారు దిగాడు. ఆయనది వేలూరు పక్కన బాగాయం. ఎడమ కాలు సరిగా మడవదు. అందుకే క్లచ్చి లేని ఈ పాత ఆటోమేటిక్ కారును వదలడు. దినకర్‌కు పిల్లనిచ్చిన మామ. ఇచ్చాడనడం కూడా తప్పే. శశికళే వచ్చేసింది. ఆయిలు చేతుల మెకానిక్కు ఇంటి గడప చచ్చినా తొక్కనని ఆయన బంధువులందరి ముందూ ఒట్టు పెట్టుకున్నాడు.

అలాంటి మనిషి, ఎండలు ముదిరే వేళకు, కారు అదురుతోందంటూ షెడ్డుకు వచ్చాడు. ఈ రకం బండి వేలూరులో ఎవడికీ అర్థం కాలేదన్నాడు. షెడ్డుకు గడప లేదు. ఒట్టు చెడలేదు.

"ఈ ఒక్క బండి సరిగ్గా చేసి పంపు," అని శశికళ ఆ రోజే భర్త చెయ్యి పట్టుకుంది. "నీ పనితనం చూస్తే నాయన మనసు మారతాది."

దినకర్ చేయని పని లేదు. గేరు బాక్సు ఆయిలు మార్చాడు. ఫిల్టరు మార్చాడు. చివరికి అసలు రోగం దొరికింది. యాక్సిలరేటర్ కదలికను గేరు బాక్సుకు అందించే సన్నటి కేబుల్ ఒకటి ఉంటుంది. అది మరీ బిగువుగా ఉంటే గేరు ఆలస్యంగా, విసురుగా పడుతుంది. నట్టు తిప్పి సడలించాడు. బండి మెత్తగా పోయింది.

వారం తిరిగేసరికి కేబుల్ మళ్ళీ బిగుసుకుని, బండి తిరిగి వచ్చింది.

నట్టు జారిందనుకున్నాడు. సరిచేశాడు. మళ్ళీ అంతే. కేబుల్ పాతబడి పట్టేస్తోందనుకున్నాడు. చెన్నై అంతా తిరిగి కొత్తది తెచ్చి వేశాడు. అదీ అంతే.

ఇన్నేళ్ళు ఈ పని చేసి, ఒక నట్టును పెట్టిన చోట నిలబెట్టడం తనకు చేతకావడం లేదు. ఈ మాట మామకు చెప్పడానికి నోరు రాలేదు. శశికళకూ చెప్పలేదు. లోపల ఇంకేదో అరిగిపోయి ఉంటుందని అబద్ధమాడాడు.

"ఏమి మెకానిక్కూ!" ధర్మలింగం స్టూలు లాక్కుని కూర్చున్నాడు. అల్లుడా అని ఇంతవరకు ఒక్కసారీ పిలవలేదు. "సరిపోయిందంటివే? కాట్పాడి దాటేతలికి నా నడుము ఇరిగిపోయినాది."

దినకర్ బానెట్ ఎత్తాడు. కేబుల్ లాగి కట్టిన తీగలా బిగుసుకుని ఉంది.

"మధ్యలో వేరే ఎవరికన్నా చూపించినారా మామా?"

"నీ చేతిలో చెడింది చాలదా? ఇంకొకనికి గూడా చూపించాల్నా?"

పూర్ణచంద్ర గట్టిగా నవ్వాడు.

మధ్యాహ్నం శశికళ షెడ్డు వెనక ఉన్న ఇంట్లోంచి పళ్ళేలు తెచ్చింది. ఆదివారం షెడ్డులో కాచుకున్నవాళ్ళకు సంగటి, పులుసు పెట్టడం ఆ ఇంటి అలవాటు.

"కస్టమర్లకంతా పెడతారు గదా. నాకూ పెట్టమను," అన్నాడు ధర్మలింగం దినకర్‌తో. రెండు ముద్దలు తిని మళ్ళీ దినకర్ వైపే చూశాడు. "పులుసులో ఉప్పు లేదని చెప్పప్పా."

శశికళ పక్కనే నిలబడి ఉంది. ఇంకో గరిటె పులుసు వేసింది.

"కడుపుతో ఉండే మనిషిని ఈ ఎండలో ఇట్లనేనా తిప్పేది? కూర్చోమని చెప్పేవాళ్ళు గూడా లేరా మీ ఇంట్లో?" అన్నాడు ధర్మలింగం, మళ్ళీ దినకర్‌తోనే.

దినకర్ పళ్ళెం పక్కన పెట్టేశాడు. బండి చేతకాదు. భార్యను చూసుకోవడం కూడా చేతకాదని నలుగురి ముందూ అనిపించుకున్నాడు.

పూర్ణచంద్ర చెయ్యి కడుక్కుని వ్యాను ఎక్కాడు. "ఇంకో దినం వస్తాలే అప్పా. పేర్ణాంబట్టులో తెలిసినోడు ఒకడుండాడు," అని పోనిచ్చేశాడు.

దినకర్ నట్టు సరిచేశాడు. బానెట్ దించాడు. చేతులు తుడుచుకుంటూ మామ ముందుకు వచ్చి నిలబడ్డాడు.

"నా చేత కాదు మామా. చెన్నైలో ఆటోమేటిక్ బండ్లే చూసే షెడ్డొకటి ఉండాది. ఫోన్ చేసి చెప్తాను. ఇంక ఈడికి తేవద్దు."

ధర్మలింగం చేతిలోని నీళ్ళ గ్లాసు ఠక్కున కింద పెట్టాడు. కోపమే అనుకున్నాడు దినకర్.

"చెన్నైకా? ఈ కాలేసుకోని నేను చెన్నైకి పోవాల్నా?"

"నేనే తోలుకోని పోతాను."

"నాకేం అక్కరలేదు. చేతకాదని చెప్పేదానికి సిగ్గు లేదా నీకు?"

"ఉండాది మామా."

"ఉంటే నువ్వే చెయ్యి. ఆదివారం దాకా చూస్తా."

"మళ్ళా అదిరితే?"

"అదిరితే మళ్ళా వస్తా. నిన్ను వదిలేది లేదు."

ఆయన కారెక్కాడు. శశికళ ఖాళీ పళ్ళెం పట్టుకుని ఇంటి వైపు తిరిగింది. దినకర్ ఆమె మొహం చూడలేక, అక్కరలేని స్పానర్లన్నీ తీసి తుడవడం మొదలుపెట్టాడు.

దారి పొడవునా కారు ఒక్కసారి కూడా కుదపలేదు.

బాగాయంలో ఇంటి గేటు మూసి, వీధిలో ఎవరూ చూడడం లేదని నమ్మకం కుదిరాక, ధర్మలింగం బానెట్ ఎత్తి, తన పొలం పంపుసెట్టు స్పానరు పెట్టి ఆ కేబుల్ నట్టును వచ్చే ఆదివారానికి సరిపడా బిగించాడు.