ట్రాములో ఖాళీ సీటు

రాగ్న ట్రాము ఎక్కగానే స్వెర్రె లేచి నిలబడ్డాడు. అతన్ని చూసి మిగతావాళ్ళూ లేచారు. ముందు సీట్లన్నీ ఒక్కసారిగా ఖాళీ అయ్యాయి. రాగ్న తలగుడ్డని చెవుల మీదికి లాక్కుని కిటికీ పక్కన కూర్చుంది.

నార్వేని ఆక్రమించిన జర్మన్లు లొంగిపోయి, యుద్ధం ముగిసిన ఏడాది. ఓస్లోలో ఇప్పుడు పౌరుషానికి ఖర్చేమీ లేదు, అరికాళ్ళ నొప్పి తప్ప.

తర్వాతి స్టాపులో గూరో అనే ముసలావిడ మూటతో ఎక్కింది. ఉత్తరాది మనిషి. జర్మన్లు పారిపోతూ తగలబెట్టిన ఊరు ఆమెది. ఖాళీ సీట్లనీ, కడ్డీలు పట్టుకుని వేలాడుతున్న జనాన్నీ చూసి తెల్లబోయింది.

"ఏమయ్యా, మీ ఊళ్ళో సీట్లు చూసుకోడానికేనా?" అంటూ రాగ్న పక్కన కూలబడింది.

"అవ్వా, అక్కడొద్దు. ఇటొచ్చెయ్," అన్నాడు కండక్టరు.

"ఏం? రంగు ఆరలేదా?"

ఎవరూ నవ్వలేదు. "కాళ్ళు విరిగినా మేం అక్కడ కూర్చోం," అన్నాడు స్వెర్రె. అతని కోటు మీద పతకం ఉంది. నగరసభ ఎన్నికల్లో నిలబడ్డాడు.

కండక్టరు గూరో చెవి దగ్గర వంగి, "రేవులో జర్మన్ల ఓడ పేల్చింది ఆయనే. అదెప్పుడు కదులుతుందో ముందే పసిగట్టాడు," అన్నాడు గొప్పగా.

గూరోకి ఏమీ అర్థం కాలేదు. "నువ్వేం చేశావే తల్లీ?" అంది రాగ్నతో.

"ఆ రోజుల్లో జర్మన్ వాడొచ్చి పక్కన కూర్చుంటే మావాళ్ళు లేచి నిలబడేవాళ్ళు. నేను లేవలేదు. రేవు అధికారి ఒకడు రోజూ నా పక్కనే. వాడితో నవ్వుతూ కబుర్లాడాను."

గూరో మూట పట్టుకుని సగం లేచింది. "నా ఇల్లు తగలెట్టినవాళ్ళతోనా?"

"లేవొద్దని నాకు ఆజ్ఞ, అవ్వా. వాడు వాగిందంతా విని చేరవేశాను."

లేవాలో కూర్చోవాలో గూరోకి తోచలేదు. మళ్ళీ కూర్చుంది. "అయితే ఆ ముక్క చెప్పి చావొచ్చుగా వీళ్ళకి!"

"జర్మన్లు లొంగిపోయిన రోజే చెప్పాను. జర్మన్లతో తిరిగిందని నా జుట్టు కత్తిరిస్తూ నవ్వారు. ఆజ్ఞ ఇచ్చినవాడికి తప్ప నా సంగతి ఇంకెవరికీ తెలీదు. రహస్య దళంలో మా పద్ధతే అది. రేపు బడివాళ్ళు నా పంతులమ్మ ఉద్యోగం ఉంచాలో పీకాలో తేలుస్తారు. అతను నోరు విప్పాలి."

"చచ్చాడా ఏం?"

"బతికే ఉన్నాడు. అంతా అయ్యాక అందరి ముందూ వచ్చి నా పక్కన కూర్చుంటానన్నాడు."

గూరోకి ఎటూ తేలలేదు. స్వెర్రె వైపు చూసి, "బాబూ, నువ్వు పెద్దమనిషివి. ఈ పిల్ల నిజమే చెబుతోందా?" అని అడిగింది.

"సాక్షిని తెమ్మను అవ్వా," అన్నాడు స్వెర్రె. "నిజమని తేలితే నేనే ముందొచ్చి ఆమె పక్కన కూర్చుంటా."

జనం భేష్ అన్నారు. గూరో మొహం వెలిగింది.

"విన్నావా? ధర్మం తెలిసిన మనిషి. ఇంక నీవాడు ఎక్కడున్నాడో చెప్పు, చొక్కా పట్టి ఈడ్చుకొస్తా!"

"వెతకక్కర్లేదు అవ్వా. రోజూ ఈ ట్రాములోనే వస్తాడు."

"ఏడీ?"

రాగ్న కిటికీలోంచి చూపు తిప్పలేదు.

"నేను ఎక్కగానే అందరికన్నా ముందు లేచేది అతనే."