నాన్న అలా అనరు

"అలా కాదండీ. మా నాన్న అలా అనరు."

గంభీరంగారు హెడ్‌ఫోన్స్‌ని ఒక చెవి మీంచి పక్కకి జరిపారు. ఇది ఏడోసారి.

ఆయన అసలు పేరు స్టూడియోలో ఎవరికీ గుర్తులేదు. ముప్ఫై ఏళ్ళుగా డబ్బింగ్ చెబుతున్నారు. గొంతును బట్టి ఆ పేరు అతుక్కుపోయింది. సీరియళ్ళలో తండ్రులకు ఆయనే, ప్రకటనల్లో తండ్రులకూ ఆయనే. ఈమధ్య జనానికి పాతరోజుల మీద మోజు పెరిగాక మరీను. సబ్బు అమ్మాలన్నా, సిమెంటు అమ్మాలన్నా 'ఆ రోజుల్లో మా నాన్న' అంటూనే మొదలు. ఆ నాన్నలందరిదీ ఒకటే గొంతు.

"ఈసారి ఏం తగ్గిందమ్మా?" అని మైకులోనే అడిగారు.

అద్దం అవతల హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఇంజనీరు పక్కన కూర్చున్న ఆమె కాస్త మొహమాటపడింది. "తగ్గలేదండీ. ప్రేమ ఎక్కువైంది."

ఇంజనీరు నవ్వు దాచుకోవడానికి మీటల మీదకి వంగాడు.

ఆమె ఒక పళ్ళడాక్టరు దగ్గర రిసెప్షన్‌లో పనిచేస్తుంది. మధ్యాహ్నం భోజనాల విరామంలో పరుగెత్తుకుంటూ వచ్చింది. ఫోన్లలో ఇప్పుడొక వేలంవెర్రి నడుస్తోంది. పాత ఫొటో ఒకటి పెట్టి, దాని వెనక నాన్న గొంతు వినిపించడం. అటకమీది క్యాసెట్లు దులిపి మరీ పెడుతున్నారు. చూసినవాళ్ళు కళ్ళు తుడుచుకుని తమవీ పెడుతున్నారు. రెండో తరగతి చదివే ఆమె కూతురు అవన్నీ చూసి, 'మరి మన తాతయ్య గొంతు ఏదమ్మా?' అని పట్టుకుంది. రెండు వారాలుగా లేచినా అదే, పడుకున్నా అదే.

"రికార్డింగు ఒక్క ముక్క కూడా లేదండీ. మీరే చెప్పాలి. ఎక్కడా పెట్టను, పాపకి వినిపిస్తానంతే" అని వచ్చీ రాగానే బతిమాలింది.

చెప్పాల్సింది నాలుగే మాటలు. 'బడికి జాగ్రత్తగా వెళ్ళి రా.'

"దానికేం, అయిదు నిమిషాల పని" అన్నారు గంభీరంగారు అప్పుడు. గంటంబావు అయింది.

ఎనిమిదోసారి చిన్నగా దగ్గి చెప్పారు.

"దగ్గు వద్దండీ. ఆయన సిగరెట్ కాల్చరు."

తొమ్మిదోసారి గొంతు మెత్తన చేశారు.

"ఇది ఆ ఇన్సూరెన్స్ నాన్నలా ఉందండీ."

"ఆ ఇన్సూరెన్స్ నాన్న నేనేనమ్మా!"

"తెలుసండీ. అందుకే వద్దంటున్నాను."

గంభీరంగారికి చిర్రెత్తుకొచ్చింది. ఈ మాట ఆయనకి కొత్త కాదు. వేరే ఊళ్ళో ఉన్న కొడుకు కూడా ఫోన్లో, 'నాన్నా, ఆ ప్రకటన ఆపి మామూలుగా మాట్లాడు' అంటాడు. మామూలుగా మాట్లాడటమెలాగో ఆయన మరిచిపోయి చాలా కాలమైంది.

"అయితే ఎలా అంటారో నువ్వే చెప్పు తల్లీ."

ఆమె కళ్ళు మూసుకుంది. "మొహం చూసి అనరండీ. చెప్పులు వేసుకుంటూనో, తాళంచెవి వెతుక్కుంటూనో అంటారు. ముద్దుగా అనరు. అలాగని అనకుండా ఉండరు."

పోయినవాళ్ళ గురించి మనుషులు ఇలాగే మాట్లాడతారు, ఇంకా పక్కగదిలో ఉన్నట్టు. ఆయన మనసు కాస్త మెత్తబడింది. హెడ్‌ఫోన్స్ సర్దుకుని పదోసారి చెప్పారు. పదకొండోసారీ చెప్పారు. ఆమె తల అడ్డంగానే ఊపింది.

"నాలుగింటికి బిస్కెట్ల ప్రకటన వాళ్ళు వస్తారు సార్" అని గుర్తుచేశాడు ఇంజనీరు.

ఆమె ఫోను క్లినిక్ నుంచి మోగుతూనే ఉంది. "ఇంకొక్కసారండీ, ఒక్కటంటే ఒక్కసారి" అంటూ కుర్చీలోంచి లేచి, తూలి, బల్ల అంచు పట్టుకుంది.

"ఏమైందమ్మా?"

"ఏం లేదండీ. పొద్దున్నుంచి తినలేదు, అంతే."

అంతసేపూ అణుచుకున్నదంతా గంభీరంగారి గొంతులోంచి ఒక్కసారిగా తన్నుకొచ్చింది.

"తినలేదా? బుద్ధుందా నీకు? మొహం చూడు, ఎలా పీక్కుపోయిందో! నువ్వు పడిపోతే ఆ పిల్లనెవరు చూస్తారు? నాన్న గొంతూ వద్దు, తాత గొంతూ వద్దు. ముందెళ్ళి ఏదైనా తిను. రోడ్డు దాటేటప్పుడు ఆ దిక్కుమాలిన ఫోను సంచీలో పడెయ్. నిన్నే, వెళ్ళు!"

ఇంజనీరు మీటల మీంచి తలెత్తి చూశాడు. తను ఎవరిమీద అరిచారో ఆయనకి అప్పుడు తెలిసొచ్చింది. ఆమె మాత్రం చెవుల మీది హెడ్‌ఫోన్స్‌ని రెండు చేతులతో అదిమిపట్టుకుని నిలబడింది.

"ఇది... ఇది రికార్డయిందా?" అని ఇంజనీరుని అడిగింది.

"అయిందండీ. ఆపలేదు."

"ఇదే ఇవ్వండి. అక్షరం కూడా కత్తిరించొద్దు."

గంభీరంగారు నుదురు తుడుచుకుంటూ బయటికి వచ్చారు. "ఏదో విసుగులో నోరు జారాను. ఏమీ అనుకోకమ్మా."

"అనుకోవడానికేముందండీ, మా నాన్నే తిట్టినట్టుంది" అంటూ ఆమె దాన్ని మూడుసార్లు విన్నది. మూడోసారి నవ్వింది, నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

ఆయన తన డబ్బాలో మిగిలిన రెండు బిస్కెట్లు ఆమె చేతిలో పెట్టారు. ముప్ఫై ఏళ్ళలో ఎవరి ప్రశంసకూ ఇంత గర్వపడలేదేమో, ఉండబట్టలేక అడిగారు.

"ఇంత ఖచ్చితంగా గుర్తుపెట్టుకున్నావే! నాన్నగారు పోయి ఎన్నేళ్ళయింది?"

ఆమె బిస్కెట్టు కొరికి, నమిలి, మింగింది.

"మా నాన్నెవరో నాకు తెలియదండీ."