ఐసు నీళ్లలో చెయ్యి

"ఓర్చుకోలేకపోతే చెయ్యి తీసెయ్యి బాబాయ్. బలవంతమేం లేదు," అంది నర్సు.

మేస్త్రి మణికట్టు దాకా చెయ్యి ఐసు నీళ్లలో ముంచి, చొక్కా కాలర్ పళ్లతో కరిచిపట్టాడు. ఏ జబ్బూ లేనివాళ్లకు మామూలు నొప్పి మాత్రలు మింగించి, ఇలా చేతులు ముంచమని, ఎంతసేపు ఓర్చుకుంటారో ఆ ల్యాబులో చూస్తున్నారు. మిగతావాళ్లు అప్పటికే చేతులు లాగేసుకుని ఉఫ్ ఉఫ్ అని ఊదుకుంటున్నారు.

"నీకు నొప్పి తెలియట్లేదా?"

మేస్త్రి లేదన్నట్టు తలూపాడు. తెలియకేం, ప్రాణం తోడేస్తోంది. చెయ్యి తీస్తే మాత్ర మింగలేదని కనిపెట్టేస్తారని భయం. నర్సు నోరు తెరిపించి చూసినప్పుడు బుగ్గన దాచి, తర్వాత దగ్గినట్టు నటించి దాన్ని రుమాల్లోకి తీసుకున్నాడు.

అది భార్య కోసం. ఆమెకు ఎముకల్లో క్యాన్సరు. కొట్లో కొన్న మాత్రలు ఎప్పుడో పనిచేయడం మానేశాయి. పెద్ద డాక్టర్లు ఇచ్చేది వేరుగా ఉంటుందని అతని ఆశ.

రోజూ ఇంటికెళ్లి మాత్ర వేసి, పక్కనే కూర్చునేవాడు.

"ఎలా ఉందే?"

"హాయిగా ఉందండీ. ఈ మందు ఇన్నాళ్లూ ఎక్కడ దాచారో," అనేది ఆమె. "అదేంటి, మీ కాలర్లన్నీ మేక మేసినట్టున్నాయి?"

"పనిలో ఏదో తగులుకుందిలే. లే, దిండు గలీబు మారుస్తాను."

"వద్దు. కదిలిస్తే వచ్చే నిద్ర చెడుతుంది."

ఆమె నిద్రపోతోందంటేనే అతనికి కడుపు నిండిపోయేది.

చివరి రోజు డాక్టరు మేస్త్రి భుజం తట్టాడు. "నీకిచ్చింది ఉత్త చక్కెర బిళ్లయ్యా. అయినా అందరికన్నా ఎక్కువసేపు ఓర్చుకున్నావు. మందని నమ్మితే చాలు, కొందరికి నొప్పి తగ్గిపోతుంది."

మేస్త్రి జేబులో రుమాలు తడుముకున్నాడు. ఇన్నాళ్లూ ఆమెకు చక్కెర పెట్టానా అని కుమిలిపోయాడు. దారిలో డాక్టరు మాట మళ్లీ గుర్తొచ్చి కాస్త తేరుకున్నాడు. ఆమె నమ్మింది, అందుకే తగ్గింది. నిజం చెప్పకూడదు. అలాంటి బిళ్లలే ఎక్కడైనా సంపాదించి ఇస్తూ ఉంటే సరి.

ఇంటికెళ్లేసరికి ఆమె కళ్లు మూసుకుని ఉంది. దిండు మంచం అంచుకు జారిపోయింది. సర్దుదామని మెల్లగా ఎత్తాడు.

దాని మూల, అతని కాలర్ లాగే, నమిలి నమిలి పీలికలై ఉంది.