గోడ దాటిన రిమోట్

సరిగ్గా ఏడింటికి టీవీలో కబడ్డీ మాయమై సీరియల్ వచ్చింది.

కొండల్ చేతిలోని రిమోట్ నొక్కి మళ్లీ కబడ్డీ పెట్టాడు. కూతకెళ్లినవాడు వెనక్కి రాకముందే మళ్లీ సీరియల్. వారం రోజులుగా ఇదే తంతు. సెట్‌టాప్ డబ్బా పాడైందనుకుని దాని నెత్తిన రెండు దెబ్బలు వేసి, విసుగొచ్చి బయటికి పోయేవాడు. ఇవాళ మాత్రం టీవీ వెనకనుంచి కిటికీలోంచి బయటికి పోతున్న సన్నటి వైరు అతని కంటపడింది.

దాన్ని పట్టుకుని వసారాలోకి వచ్చాడు.

అక్కడ అతని తల్లి శంకరవ్వ ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. కోడలు ఆమని చాట కూడా ఆమె పక్కనే ఉంది. తంబాకు ఘాటు ఇంట్లోకి రాకూడదని కొండలే తల్లిని వసారాలో కూర్చోబెట్టాడు. అక్కణ్నుంచి సందు చివరిదాకా కనిపిస్తుంది. చాటలో తునికాకు పక్కన, ప్లాస్టిక్ కవరు చుట్టిన రిమోట్ ఇంకొకటి ఉంది.

"అవ్వా, ఛానల్ మారుస్తున్నది నువ్వేనా?"

"నేనే." తల కూడా ఎత్తలేదామె.

"గోడ అవుతలకెళ్లి ఎట్ల మారుతది?"

దర్వాజ పక్కన మేకుకు వేలాడుతున్న నల్లటి డబ్బీని శంకరవ్వ గడ్డంతో చూపించింది.

టీవీలు బాగుచేసే పర్శరాములు బిగించిపోయిన డబ్బీ అది. రిమోట్‌లోంచి వచ్చే వెలుగు కంటికి కనిపించదనీ, గోడ దాటదనీ చెప్పి అతను మొదట్లోనే చేతులెత్తేశాడు. "అయితే దాటించు" అంది శంకరవ్వ. దుకాణం మెట్ల మీద కూర్చుని లేస్తే ఒట్టు. ఆఖరికి వసారాలో ఆ వెలుగును పట్టే కన్నొకటి, లోపల సెట్‌టాప్ డబ్బా ముందు దాన్ని తిరిగి వెలిగించే బుల్లి బల్బొకటి, రెంటి మధ్యా వైరు పెట్టాడు. శంకరవ్వ బటన్ నొక్కితే గోడవతల బల్బు మిణుకుమనడం సెల్‌ఫోన్ కెమెరాలో పట్టి చూపించాడు. ఆమె పడీపడీ నవ్వింది.

"సీరియళ్ల పిచ్చి గంతగనం ఉంటే లోపలికొచ్చి చూడరాదు?" అన్నాడు కొండల్.

"బయట కూసుండబెట్టింది నువ్వే గదరా. ఈడ్నే ఉంట. ఈడికెళ్లే వింట."

నలభై ఏళ్లు మొగుడి మాటకు తలూపింది శంకరవ్వ. మొగుడు పోయాక కొడుకు మాటకు ఊపింది. ఊపీ ఊపీ మెడ నొప్పి పుట్టింది. ఇక ఊపేది లేదనుకుంది.

"గీ ఇంట్ల నా మాటే నడవాలె. ఆమని పుస్తకాలు మూటగట్టి అటకెక్కించిన. గీ వైరును గూడ ఎక్కిస్త!"

"ఎక్కియ్యి. రేపు ఇంకోటి తెస్త. అది పీకితే ఇంకోటి. గా టీవీ నా బీడీల మీద వచ్చింది. పొద్దంత నువ్వే చూసుకో. ఏడు నుంచి ఎనిమిది నాది. కొండగట్టు అంజన్న మీద ఒట్టు, గా గంట మాత్రం ఇడువ."

వైరు మీద అతని పిడికిలి బిగిసింది. ఆ వైరు తెగితే ఇవాళ్టి గంట పోయినట్టే. అయినా శంకరవ్వ చూపు దించలేదు. కత్తెర అందుకుని తాపీగా ఆకు కత్తిరించసాగింది.

అంతలో వంటింట్లోంచి ఆమని గొంతు లేచింది.

"గీ వయసుల నీకు సీరియళ్లేంది అత్తమ్మా? ఆయన్ను జర కబడ్డీ చూడనియ్యవా?"

"నువ్వు నోరు మూసుకోని అన్నం వండు!" అని ఇంతెత్తున లేచింది శంకరవ్వ.

"వండుతనే ఉన్న గదా! రోజు నీతోని పరేషానే నాకు!"

ఎదురింటివాళ్లు తొంగిచూశారు. అత్తాకోడళ్ల మధ్య తలదూర్చడంకంటే బస్టాండు హోటల్లో కబడ్డీ చూసుకోవడం నయమనిపించింది కొండల్‌కు. వైరు వదిలేశాడు.

"కొట్టుకోండ్రి ఇద్దరు!" అని బండి తీశాడు.

దాని వెనక ఎర్ర లైటు సందు మలుపు తిరిగేదాకా శంకరవ్వ చూస్తూనే ఉంది. తర్వాత చూపు సందు మీదే ఉంచి, రిమోట్ మీద ఏదో నంబరు నొక్కింది. సీరియల్లో ఏడుపు ఆగిపోయింది.

ఆమని పొయ్యి ఆర్పి, బియ్యం డబ్బాలో దాచిన నోటుబుక్కు తీసుకుని టీవీ ముందు కూర్చుని, "అత్తమ్మా, టీచర్ పరీక్ష పాఠం షురూ అయింది, జర సౌండ్ పెంచు" అంది మెల్లగా.